చెరసాల యెందుకు?



మాది నెమలి గ్రామము. తిరువూరు ప్రాంతమున గంపలగూడెము మండలములో నున్నది. మా యూరి వేణుగోపాలస్వామిని సేవించుటకు చుట్టుప్రక్కల ప్రాంతములనుండి జనులు వత్తురు. ఆ స్వామి పుట్టినచోటు చెరసాల యని మనకందరకు తెలియును. భద్రాచలమున రామునికి గుడి కట్టించిన కంచెర్ల గోపన్న గోలకొండలో చెరయనుభవించెననియు తెలియును. ఇంత యెరిగియుండియు, మన గ్రామములలో ఒకనిని గూర్చి "వాడు జెయిలుకు పోయివచ్చినవాడు" అని యెవరైన నన్నచో, ఆ మాటతో వాని కథ ముగిసిపోవును. వానికి పిల్లనిచ్చువారుండరు, పొలము కౌలున కిచ్చువారుండరు, కూలికి పిలుచువారును ఉండరు.

చెరసాల యెందుకు అను ప్రశ్నకు రాజులును, దొరలును, న్యాయస్థానములును ఇచ్చిన సమాధానములు కాలక్రమమున మారుచు వచ్చినవి. ఆ మార్పు కాగితములమీదికి వచ్చినది. కొంతవరకు జెయిలు గోడలలోపలికిని వచ్చినది. మన గ్రామముల పొలిమేర మాత్రము ఇంకను దాటలేదు. దానిని దాటించుట మనవంటి పెద్దల చేతిలోనున్నదని నా నమ్మకము. ఈ సంగతినే ఈ సాయంకాలము మీతో ముచ్చటింపదలచితిని.

మన చిన్నతనమున పెద్ద గ్రామములలో బందెలదొడ్డి యుండెడిది. పరుల చేను మేసిన పశువును అందులోనికి తోలి, యజమాని బందెసొమ్ము కట్టువరకు నిలిపియుంచెడివారు. పశువునకు బుద్ధి గరపవలెనని యెవరును దొడ్డి కట్టలేదు. విడిపించుకొనిపోయిన పశువు మరునాడే ఆ చేనిలో పడినను ఎవరును ఆశ్చర్యపడరు. పూర్వకాలపు చెరసాలలు చాలవరకు ఇట్టివే. విచారణ జరుగువరకో, బాకీ తీర్చువరకో, రాజు వేసిన శిక్ష అమలగువరకో మనిషిని కట్టడిలో నుంచుటకే అవి యేర్పడినవి. అసలు శిక్ష వేరు: జరిమానా, అంగచ్ఛేదము, దేశబహిష్కారము, మరణము.

ఆ కాలమునను దయాదృష్టి లేకపోలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున చెరసాలలో స్త్రీలకును పురుషులకును వేరువేరు తావులుండవలెనని యున్నది. రాజు జన్మనక్షత్రమునాడును, పున్నములయందును బాలురను, వృద్ధులను, రోగులను, దిక్కులేనివారిని విడిచిపెట్టవలెనని యున్నది. అశోకుడు తన శాసనములలో, పట్టాభిషేకమైన యిరువది యారేండ్లలో ఇరువది యైదు పర్యాయములు ఖైదీలను విడిచిపెట్టితినని చెక్కించెను. మరణశిక్ష పడినవారికి మూడు దినములు గడువిచ్చితినని మరియొకచోట చెక్కించెను. అయినను ఇది రాజు కరుణ. చెరలో నున్నంతకాలము ఆ మనిషి యేమగుచున్నాడను విచారణ అందులో లేదు.

ఆ విచారణను మొదట గట్టిగా లేవదీసినవారిలో ఇంగ్లాండు దేశీయుడైన జాన్ హోవర్డు ఒకడు. ఆయన 1773లో బెడ్‌ఫర్డు జిల్లాకు షెరీఫుగా నియమింపబడి, తన యధీనములోని జెయిలును స్వయముగా చూడబోయెను. అక్కడ జెయిలరుకు జీతము లేదు. ఖైదీలయొద్ద వసూలు చేసిన రుసుమే వాని భుక్తి. న్యాయస్థానము నిర్దోషులని విడిచిపెట్టినవారు కూడ ఆ రుసుము చెల్లింపలేక లోపలనే మగ్గుచుండిరి. ఉరికంబమెక్కినవారికంటె జెయిలు జ్వరమున చచ్చినవారు ఎక్కువయని ఆయన కనుగొనెను. దేశదేశముల జెయిళ్లను తిరిగి చూచి, 1777లో ఒక గ్రంథము ప్రకటించెను. జెయిలరుకు జీతమీయుడు, మంచినీరిడుడు, రాత్రి వేరువేరుగా పరుండనీయుడు, చేయుటకు పని చూపుడు: ఇవే ఆయన కోరికలు. నేడు ఇవి మనకు వింతగా తోపవు, నాడు వింతలే.

దాని తరువాత పుట్టినది ఒంటరి చెర. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరమున 1829లో ఒక గొప్ప చెరసాల తెరచిరి. ప్రతి ఖైదీకిని ఒక గది. మనిషి ముఖము చూడరాదు, మాట వినరాదు. ఏకాంతమున వాని మనస్సు తన తప్పును తాను తలచుకొని పశ్చాత్తాపపడునని వారి యాశ. ఉద్దేశము మంచిదే. కాని మాటయు మనుష్యుడును లేని తావున పశ్చాత్తాపమునకు బదులు చాలమందికి మతి చలించెను. మనిషిని బాగుచేయవలెనన్న మనుష్యుల నడుమనే చేయవలెనని లోకమునకు తెలిసివచ్చుటకు చాలకాలము పట్టినది.

ఇక మన దేశమునకు వత్తము. కుంపిణీ పరిపాలనలో ఖైదీలను సంకెళ్లతో రోడ్లపనికి తోలెడివారు. 1836లో జెయిళ్ల సంగతి విచారించుటకు ఒక సంఘము నేర్పరచిరి. అందులో మెకాలే ప్రభువు ముఖ్యుడు. ఆ సంఘము 1838లో నివేదిక నిచ్చెను. ఖైదీలను రోడ్లమీదనుండి తొలగించి గోడలలోపల నుంచవలెను. విసుగు పుట్టించు పనిని చేయింపవలెను. చదువు చెప్పుట, నీతిబోధ, మంచి నడతకు బహుమానము అనునవి శిక్షను బలహీనపరచును గాన పనికిరావు. ఇది వారి సారాంశము. భయమే మందు అని వారి మతము. పెద్ద పెద్ద సెంట్రల్ జెయిళ్లు ఈ భావముననే పెరిగినవి. మన గోదావరితీరమున రాజమహేంద్రవరపు జెయిలు 1870లో సెంట్రల్ జెయిలైనది. జెయిళ్ల చట్టము 1894లో వచ్చినది. అది ఖైదీని యెట్లు కావలి కాయవలెనో, తప్పు చేసిన నెట్లు దండింపవలెనో విపులముగా చెప్పినది. యెట్లు బాగుచేయవలెనో చెప్పుటలో మాత్రము పొదుపుగా నుండెను.

ఈ తలుపులు లోకమునకు తెరచుకొనుటకు ఒక కారణము మన స్వాతంత్ర్యోద్యమము. చదువుకొన్నవారు, కుటుంబీకులు, ప్లీడర్లు లోపలికి పోయి తమ కన్నులతో చూచిరి. బెజవాడలో స్వరాజ్య పత్రిక నడిపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు 1908లోనే రాజద్రోహ నేరముపై కఠినశిక్ష పొందిరి. వెలుపలికి వచ్చినపిదప గ్రంథాలయములకును, వయోజన విద్యకును తమ జీవితమును ధారపోసిరి. ఉన్నవ లక్ష్మీనారాయణగారు మాలపల్లిని వ్రాసినది రాయవేలూరు జెయిలులోనే. ఇట్టివారు జెయిలుకు పోయివచ్చినవారని మనమెవరమును ముఖము త్రిప్పుకొనలేదు, పూలమాలలు వేసితిమి. చెరసాలకు పోవుట యొక్కటియే మనిషిని చెడ్డవానిని చేయదని మనమప్పుడే యొప్పుకొన్నట్లు.

ఆ దినములలోనే, 1919-20లో, సర్ అలెగ్జాండరు కార్డ్యూ అధ్యక్షతన భారత జెయిళ్ల సంఘము దేశమంతట తిరిగి విచారించెను. ఈయన మన చెన్నపట్టణపు ప్రభుత్వములో పెద్ద యధికారియే. జెయిలు ఉద్దేశము కేవలము బాధపెట్టుట కాదు. లోపలికి వచ్చినవాడు మరల నేరము చేయనివాడై సంఘములోనికి తిరిగిపోవునట్లు చేయుటయని ఆ సంఘము ప్రభుత్వమునకు మొదటిసారిగా తేటగా చెప్పినది. ఎనుబది యేండ్లక్రిందట మెకాలే సంఘము త్రోసివేసిన చదువును, బోధను ఈ సంఘము మరల లోనికి పిలిచినది.

అయినను సంస్కారమను పేరుతో అన్యాయము జరుగవచ్చునని కూడ మన నేలమీదనే ఋజువైనది. 1871లో నేరస్థజాతుల చట్టమను నొకదానిని దొరలు చేసిరి. 1911 చట్టముతో అది చెన్నరాజధానికిని వచ్చినది. ఎవడో ఒకడు దొంగతనము చేసినచో వానిని శిక్షించుట న్యాయము. ఈ చట్టము ఒక కులమున పుట్టిన శిశువును కూడ నేరస్థుని జాబితాలో చేర్చినది. బాపట్లకును చీరాలకును నడుమ స్టూవర్టుపురమను సెటిల్మెంటును 1913-14 ప్రాంతమున సాల్వేషన్ ఆర్మీవారి యాజమాన్యమున నెలకొల్పిరి. ఎరుకలవారిని తెచ్చి అచ్చట నిలిపిరి. చదువు చెప్పిరి, పని చూపిరి, నిజమే. కాని వేళకు హాజరు పలుకవలెను, అనుమతి లేక పొలిమేర దాటరాదు. గ్రామమే జెయిలైనది. ఆ చట్టము మన రాజధానిలో 1947లోను, దేశమంతట 1952 ఆగస్టు 31వ తేదీనాటికిని రద్దైనది. చట్టము పోయినను ఆ యూరిపేరు చెప్పినచో జనులు తలుపులు వేసికొనుట మానలేదు.

1970ల దశకమున విజయవాడ నాస్తిక కేంద్రమునకు చెందిన లవణముగారును, వారి భార్య హేమలతగారును ఆ గ్రామమునకు పోయిరి. హేమలతగారు కవి గుఱ్ఱము జాషువగారి కుమార్తె. వారి మతాభిప్రాయములతో మనకు పనిలేదు. వారు చేసిన పని చూడుడు. లాఠీతో పోలేదు. ఇండ్లలోనికి పోయి కూర్చుండిరి. నేరము చేసినవానితోను, వాని భార్యతోను, బిడ్డలతోను మాటలాడిరి. ప్రభుత్వముతో మాటలాడి బ్రతుకుతెరువుకు దారి వెదకిరి. హాజరు పట్టీ చేయలేని పనికి, ఇంటి యరుగుమీది మాటతో వారు ఆరంభము చేసిరి.

స్వరాజ్యము వచ్చినపిదప ఈ భావములు చట్టములుగా మారినవి. 1958లో ప్రొబేషను చట్టము వచ్చినది. ఇరువది యొక్కయేండ్లు నిండని పిల్లవాడు యావజ్జీవశిక్షకు తగనట్టి తప్పు చేసినచో, తగిన కారణము కనబడిననేగాని వానిని జెయిలుకు పంపరాదనియు, మంచి నడతకు పూచీ వ్రాయించుకొని విడువవచ్చుననియు దాని తాత్పర్యము. 1954లో హైదరాబాదు చెంత మౌలాలీలో ఖైదీల వ్యవసాయక్షేత్రమును తెరచిరి. అనంతపురము చెంత రెడ్డిపల్లెలోను అట్టిది కలదు. వీనిని ఆరుబయలు జెయిళ్లందురు. శిక్షలో కొంతభాగము గడిపి, మంచివాడని పేరుపడినవానిని అచ్చటికి పంపుదురు. ఎత్తైన గోడ యుండదు, నమ్మకమే గోడ.

న్యాయస్థానములును పలికినవి. విశాఖపట్టణపు జెయిలులోని ఖైదీలు తెచ్చిన వ్యాజ్యములో 1974లో సుప్రీముకోర్టు, శిక్ష పడినంతమాత్రమున మనిషికి రాజ్యాంగమిచ్చిన హక్కులన్నియు పోవని చెప్పినది. 1977లో మన రాష్ట్రమునుండి మరియొక వ్యాజ్యము పోయినది. ఉద్యోగములిప్పింతునని నమ్మించి సొమ్ము గుంజిన యువకుని కథ యది. న్యాయమూర్తి కృష్ణయ్యరుగారు వాని మూడేండ్ల శిక్షను పదునెనిమిది నెలలకు తగ్గించి, వాని బుద్ధికి తగిన పని యీయవలెననియు, నడత బాగున్నచో అప్పుడప్పుడు ఇంటికి పంపవలెననియు ఆదేశించిరి. ఆయన 1948లో తాముకూడ ఒక నెల చెరలో నుండినవారు; 1957లో కేరళలో జెయిళ్ల మంత్రిగా పనిచేసినవారు. లోపలి సంగతి రెండు వైపులనుండి చూచినవారి తీర్పు గాన దానికి బరువెక్కువ. 1998లో సుప్రీముకోర్టు, ఖైదీ చేసిన పనికి న్యాయమైన కూలి యీయవలెననియు, అందులో కొంత నష్టపోయినవారి కుటుంబములకు చేరు నేర్పాటుండవలెననియు చెప్పినది. 2024 అక్టోబరు 3వ తేదీన, జెయిలులో కులమునుబట్టి పనులు పంచు నియమములు చెల్లవని తీర్పు చెప్పినది. పాకీపని ఒక కులమువానికి, వంటపని మరియొక కులమువానికి అను వాడుక అంతవరకు కొన్ని రాష్ట్రముల జెయిలు నియమావళులలో అచ్చుపడియే యుండెను.

2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో మరియొక క్రొత్తదనము కలదు. అయిదువేల రూపాయలకు లోబడిన దొంగతనము మొదటిసారి చేసి, ఆ వస్తువునో దాని వెలనో తిరిగి యిచ్చివేసినవానికి జెయిలు కాదు, సంఘసేవయే శిక్ష. నలుగురికి పనికివచ్చు పని చేసి ఋణము తీర్చుకొనవలెను. ఇది మన గ్రామములకు క్రొత్తది కాదు. చెరువు గట్టుకు నాలుగు తట్టల మన్ను పోయించి తప్పు మన్నించిన పెద్దలు పూర్వము మనలో లేకపోలేదు.

ఇంత దయ యెందుకు, భయము పోయినచో నేరము పెరుగదా యని మీలో కొందరడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కొందరిని లోపలనుంచకతప్పదు, నలుగురి ప్రాణములకు ముప్పు తెచ్చువానిని విడువుమని నేననను. కాని ఒక లెక్క చూడుడు. శిక్షపడినవారిలో నూటికి తొంబదిమందికి పైగా ఒకనాడు వెలుపలికి రాకతప్పదు. స్వేచ్ఛను తీసికొనుటయే న్యాయస్థానము వేసిన శిక్ష. ఆపైన వాని చేతిలోని పనిని, ఇంటివారి మమతను, ఊరి మాటను కూడ తీసివేసి పంపినచో, వచ్చువాడు పోయినవానికంటె చెడ్డవాడై వచ్చును. ఆ నష్టము ప్రభుత్వమునకు కాదు, మన వీధికి.

మరియొక లెక్క కూడ కలదు. 2022 సంవత్సరాంతమున దేశమందలి జెయిళ్లలో సుమారు 5,73,000 మంది యుండిరి. వారిలో 4,34,000 మంది నేరము ఋజువుకానివారు, విచారణకై వేచియున్నవారు. నలుగురిలో ముగ్గురన్నమాట. వీరిలో ఎందరో జామీనుండువారు లేక లోపలనున్నవారు. వీరి విషయమున మన జెయిలు ఇంకను బందెలదొడ్డిగానే యున్నది.

ఇప్పుడు నా తప్పు నొకటి చెప్పుకొందును. ఇది యిరువది యేండ్లకు పైబడిన మాట. మా ప్రాంతమున నొక గ్రామములో గట్టు తగాదాలో ఒకడు ప్రక్క చేని రైతును కర్రతో కొట్టెను; ఆ రైతు చనిపోయెను. కొట్టినవానికి యావజ్జీవశిక్ష పడెను. చాల యేండ్లు చెరలో నుండి, మంచి నడతవలన విడుదలయై వచ్చెను. లోపల చదువను వ్రాయను నేర్చెను, వడ్రంగము నేర్చెను. ఒకనాడుదయమున మా యరుగు క్రింద నిలిచి, "అయ్యగారూ, మీ క్రొత్తయింటికి తలుపులు కావలెనని విన్నాను. పని నాకిప్పించండి. కూలి మీకు తోచినది యివ్వండి" అనెను. "చూతములే, తరువాత రా" అంటిని. ఆ మాటకు మనలో అర్థమేమో మీకు తెలియును. వానికిని తెలియును, మరల రాలేదు. మరికొన్ని యిండ్లలోను అదే మాట వినెనట. ఆ నెలలోనే ఊరు విడిచి ఖమ్మము వైపు పోయెను. రెండేండ్లకు వాని తల్లి చనిపోయినప్పుడు వర్తమానము పంపుటకు వాని చిరునామా యెవరియొద్దను లేకపోయెను. దహనము ఇరుగుపొరుగువారు చేసిరి.

న్యాయస్థానము వేసిన శిక్షకొక గడువున్నది, అది తీరినది. ఆపైన నేను వేసిన శిక్షకు గడువు లేదు. నేను కోపముతో వేయలేదు, ద్వేషముతోను వేయలేదు. నలుగురేమందురో యని వేసితిని.

అయితే నా సంకోచమునకు ఒక కారణము లేకపోలేదు. చనిపోయిన రైతు ఇల్లు కూడ ఆ గ్రామములోనే యున్నది. ఆ వితంతువు కన్నులయెదుట ఆ మనిషి తిరుగుచుండ ఆమె హృదయమెట్లుండునో యని నేను తలచితిని. అది నిజమైన చిక్కు. కాని ఆ చిక్కు విప్పుటకు నేను చేసినదేమి? ఆమె యింటికిని పోలేదు, వానికిని పని యీయలేదు. ఇరువురిని విడిచిపెట్టితిని. పెద్దరికమన్నది అది కాదు.

కావున పెద్దలకు నాలుగు మనవులు. విడుదలయై వచ్చువాడున్నాడని తెలిసినపుడు మొదట నష్టపోయినవారి యింటికి పొండు. వారి కష్టము వినుడు. వారికి ధైర్యము చెప్పుడు. వారి బిడ్డల చదువునకో బ్రతుకుతెరువునకో తోడ్పడుడు. ఆ పిమ్మట వచ్చినవానికి మొదటి నెలలోనే ఏదియో యొక పని చూపుడు. మొదటి నెల గడచినచో వాడు ఊరు విడుచును, లేదా పాత స్నేహములు వెదకుకొనును. జెయిలులో నేర్చిన పని యేదియో అడిగి, ఆ పనియే యిండు; లేనిచో లోపలి నేర్పంతయు వ్యర్థమగును. మూడవది, మన కుర్రవాడెవడైన చిన్న తప్పుకు పట్టుబడి జామీను లేక లోపలనున్నచో, వాని నెరిగినవారు పూచీ యుండుటకు వెనుదీయకుడు. చెరలోనున్నవానికి న్యాయసేవాధికార సంస్థవారు ఉచితముగా వకీలు నిత్తురు. ఆ సంగతి వాని తల్లిదండ్రులకు తెలుపుడు. మరణశిక్షకో యావజ్జీవశిక్షకో తగిన నేరము కానిచో, మొదటిసారి పట్టుబడినవాడు గరిష్ఠశిక్షలో మూడవవంతు కాలము లోపలనే గడపినపుడు పూచీమీద విడువవలెనని 2024నుండి అమలులోనున్న క్రొత్త చట్టము చెప్పుచున్నది. ఇదియు తెలుపుడు.

నాలుగవ మనవి మాటను గూర్చినది. వానిని పేరు పెట్టి పిలువుడు. జెయిలుకు పోయివచ్చినవాడని పిలువకుడు. వాని బిడ్డలను ఆ మాటతో బడిలో ఎవరైన నెత్తిపొడిచినచో మందలింపుడు.

చెరసాల యెందుకు అను ప్రశ్నకు ఇప్పటికి దొరకిన మంచి సమాధానము, మనిషిని మరల మనుష్యులలోనికి పంపుటకు అని. పంపుట వారి వంతు, పుచ్చుకొనుట మన వంతు. నా యరుగు క్రింద నిలిచినవానిని నేను పుచ్చుకొనలేదు. మీ యరుగు క్రింద నిలుచువానిని మీరు పుచ్చుకొందురని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.